సరిహద్దు దాటితేనే పుట్టే హక్కు

మ్యూనిక్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తెలుగమ్మాయిలు కాపురం పెట్టారనుకుందాం. కింది ఫ్లాట్ అమ్మాయిది విజయవాడ. ఆమె భర్త కూడా అక్కడివాడే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి జర్మనీ వెళ్లి, కొన్నేళ్లకు జర్మన్ పౌరసత్వం తీసుకున్నాడు. పై ఫ్లాట్ అమ్మాయిది నెల్లూరు. ఆమె భర్త గోవా మూలాలున్నవాడు, చేతిలో పోర్చుగల్ పాస్‌పోర్టు ఉంది. అమ్మాయిలిద్దరివీ భారతీయ పాస్‌పోర్టులే. విజయవాడ అమ్మాయి భర్త దగ్గరికి రావాలంటే మామూలుగా ఏ1 స్థాయి జర్మన్ పరీక్ష పాసవ్వాలి, 75 యూరోలు కట్టాలి, నేషనల్ వీసా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడాలి. నెల్లూరు అమ్మాయికి భాషా పరీక్ష లేదు, వీసా ఫీజు లేదు, ఆమె దరఖాస్తును త్వరగా తేల్చాలని చట్టమే చెబుతోంది. అంటే జర్మనీలో జర్మన్ పౌరుడి భార్య కన్నా పోర్చుగల్ పౌరుడి భార్యకే దారి సులువు.

వినడానికి విడ్డూరంగా ఉన్నా చట్టం అలాగే రాసుంది. సొంత పౌరుడే వెనకబడే ఈ పరిస్థితికి జర్మన్‌లో ‘ఇన్‌లెండర్ డిస్క్రిమినీరుంగ్’ అని ఒక పేరు కూడా ఉంది. స్వదేశీయుల పట్ల వివక్ష అని అర్థం. ఆ పేరు నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, దాని వెనకున్న లెక్క అర్థమైతే చాలు. యూరప్ పౌరుల భార్యలు, భర్తలు ఉద్యోగ హక్కు విషయంలో పడే తికమక చాలావరకు తీరిపోతుంది.

యూరోపియన్ యూనియన్ పుట్టుకలోనే ఒక బేరం ఉంది. ఒక సభ్యదేశం పౌరుడు మరో సభ్యదేశానికి వెళ్లి స్వేచ్ఛగా బతకొచ్చు, పనిచేసుకోవచ్చు. అయితే భార్యను ఇంట్లో వదిలి రమ్మంటే ఎవరు కదులుతారు? అందుకే ఆ పౌరుడితో పాటు కుటుంబానికీ హక్కులిచ్చారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2004లో వచ్చిన 38వ నంబరు డైరెక్టివ్, అంటే సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన యూనియన్ చట్టం. దాని 23వ ఆర్టికల్ ప్రకారం, సభ్యదేశంలో నివాస హక్కు ఉన్న యూనియన్ పౌరుడి భార్య లేదా భర్త ఏ దేశస్థులైనా సరే, అక్కడ ఉద్యోగం చేయొచ్చు, సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు. కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు. జీతం ఇంత ఉండాలన్న షరతు లేదు. జర్మనీలో బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి, కావాలంటే 2025లో మామూలు ఉద్యోగాలకు ఏడాదికి కనీసం 48,300 యూరోల జీతం చూపించాల్సి వచ్చేది. నెల్లూరు అమ్మాయికి ఆ గొడవే లేదు. హోటల్లో పార్ట్‌టైం చేసినా, రేపు ఇడ్లీ దోసెల కొట్టు తెరిచినా అడిగేవాళ్లుండరు.

కిటుకంతా మూడో ఆర్టికల్లో ఉంది. తన దేశం కాకుండా మరో సభ్యదేశానికి వెళ్లిన, లేదా అక్కడ ఉంటున్న పౌరుడికీ, అతనితో వెళ్లే లేదా వెనక వచ్చి చేరే కుటుంబానికీ మాత్రమే ఈ డైరెక్టివ్ వర్తిస్తుంది. పోర్చుగల్ పౌరుడు జర్మనీకి వచ్చాడు కాబట్టి అతనికి వర్తించింది. జర్మన్ పౌరుడు జర్మనీలోనే ఉన్నాడు, యూనియన్ దృష్టిలో అతను ఎక్కడికీ కదల్లేదు. కాబట్టి అతని భార్య సంగతి జర్మనీ సొంత చట్టం చూసుకుంటుంది. అదే విజయవాడ జంట రేపు ఆమ్‌స్టర్‌డామ్‌కో డబ్లిన్‌కో మకాం మారిస్తే ఆ అమ్మాయికీ నెల్లూరు అమ్మాయికున్న హక్కులే వస్తాయి. పాస్‌పోర్టు రంగు చూసి వచ్చే హక్కు అనుకుంటారు గానీ, ఇది ప్రయాణం వల్ల వచ్చే హక్కు.

ఇక్కడే మరో అపోహ. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో పీఆర్ ఉన్నవాళ్లు, బ్లూ కార్డు ఉన్నవాళ్లు యూరప్ పౌరులు కారు. వాళ్ల భార్యలకు, భర్తలకు ఉద్యోగ అనుమతి ఉండొచ్చు, చాలా దేశాల్లో ఉంది కూడా. కానీ అది వేరే చట్టం కింద, వేరే షరతులతో వస్తుంది. పెళ్లిచూపుల్లో ‘అబ్బాయి యూరప్‌లో సెటిల్ అయ్యాడు’ అన్న ఒక్క ముక్కలో ఈ తేడాలన్నీ కలిసిపోతాయి. అడగాల్సిన ప్రశ్నలు రెండు. అబ్బాయి ఏ దేశ పౌరుడు? కాపురం ఏ దేశంలో? ఆ రెండూ ఒకటే అయితే ఒక దారి, వేరైతే మరో దారి.

ఈ చట్టంలో ఒక మలుపుకి భారతీయుడి పేరే ఉంది. సురీందర్ సింగ్ 1982లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో బ్రిటిష్ పౌరురాలిని పెళ్లి చేసుకున్నాడు. 1983 నుంచి 1985 దాకా ఇద్దరూ జర్మనీలో ఉద్యోగాలు చేసి, 1985 చివర్లో బ్రిటన్‌కి తిరిగొచ్చి వ్యాపారం పెట్టుకున్నారు. తర్వాత కాపురం చెడింది, అతణ్ని దేశం నుంచి పంపించేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ‘ఆమె సొంత దేశంలోనే ఉంది కదా, ఇక్కడ మా చట్టమే చెల్లుతుంది’ అన్నది బ్రిటన్ వాదన. 1992 జూలై 7న యూరోపియన్ కోర్టు ఆ వాదనను కొట్టేసింది. మరో సభ్యదేశంలో పనిచేసి సొంత దేశానికి తిరిగొచ్చే పౌరుడికి, ఇంకో సభ్యదేశం పౌరుడు వస్తే దొరికే సదుపాయాల కన్నా తక్కువ దొరికితే, అసలు బయటికి వెళ్లడానికే వెనకాడతాడు కదా అన్నది కోర్టు తర్కం. దాంతో సొంత దేశపు కఠిన నిబంధనలు తప్పించుకోవడానికి చుట్టుదారి ఒకటి దొరికింది. వలస లాయర్లు ఈనాటికీ దాన్ని ‘సురీందర్ సింగ్ రూట్’ అనే అంటారు.

ఈ చుట్టుదారిని జనం బాగానే వాడుకున్నారు. డెన్మార్క్ 2002లో విదేశీ భార్యాభర్తలను తెచ్చుకోవాలంటే ఇద్దరికీ 24 ఏళ్లు నిండాలని నిబంధన పెట్టింది. దానికి రెండేళ్ల ముందే కోపెన్‌హాగెన్‌కీ స్వీడన్‌లోని మాల్మోకీ మధ్య ఓరెసుండ్ వంతెన తెరుచుకుంది. ఇంకేముంది, డేనిష్ యువకులు మాల్మోలో ఇల్లు అద్దెకు తీసుకుని భార్యల్ని అక్కడికి రప్పించుకున్నారు. ఉద్యోగానికి రోజూ వంతెన దాటి కోపెన్‌హాగెన్ వెళ్లొచ్చారు. నెదర్లాండ్స్ వాళ్లు ఇదే పని బెల్జియం వెళ్లి చేశారు, దానికి ‘బెల్జియం రూట్’ అని పేరే పడింది. బ్రిటన్ 2012 జూలైలో విదేశీ భార్యను తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపించాలన్నాక, బ్రిటిష్ వాళ్లూ పక్క దేశాల బాట పట్టారు.

ప్రభుత్వాలకు ఇది నచ్చలేదు, వివాదాలు కోర్టుకెక్కాయి. 2014 మార్చిలో యూరోపియన్ కోర్టు ఒక గీత గీసింది. వారాంతాల్లో వెళ్లొస్తే, సెలవులకు వెళ్లొస్తే సరిపోదు. మూడు నెలలకు మించి అక్కడ నిజంగా కాపురం పెట్టి, కుటుంబ జీవితం గడిపి ఉండాలి. అందుకే ఈ దారిలో తిరిగొచ్చేవాళ్లు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, జీతం స్లిప్పులు, పిల్లల స్కూలు కాగితాలు కట్టకట్టి పెట్టుకుంటారు.

బ్రిటన్ సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగువాళ్లలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తక్కువేం కాదు. 2020 డిసెంబర్ 31తో అక్కడ ఈ చట్టం ముగిసింది. ఇప్పుడు బ్రిటిష్ పౌరుడు జర్మనీకి వెళితే యూనియన్ దృష్టిలో అతనూ బయటివాడే, అతని భార్యకు ఈ డైరెక్టివ్ ఏ హక్కూ ఇవ్వదు. అటు నుంచి చూసినా అంతే. ఆ తేదీకి ముందే లండన్‌లో ఉంటున్న యూరప్ పౌరుణ్ని ఆ తేదీకి ముందే పెళ్లి చేసుకున్నవాళ్లకు ప్రత్యేక పథకం కింద రక్షణ ఉంది. తర్వాత పెళ్లి చేసుకున్నవాళ్లు మామూలు బ్రిటిష్ స్పౌస్ వీసా దారిలోనే వెళ్లాలి. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ మాత్రం యూనియన్‌లో లేకపోయినా ఇదే డైరెక్టివ్‌ను పాటిస్తాయి. స్విట్జర్లాండ్‌కి 2002 నుంచి అమల్లో ఉన్న వేరే ఒప్పందం ఉంది, ఉద్యోగ హక్కు వరకు ఫలితం దాదాపు ఇదే.

అమెరికా వీసాల గురించి తెలియని తెలుగిల్లు అరుదు కాబట్టి అసలు తేడా ఆ పోలికతోనే బాగా తెలుస్తుంది. హెచ్1బీ ఉన్న భర్త వెంట హెచ్4 మీద వెళ్లిన భార్య మొదట్లో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటాక, 2015లో వచ్చిన నిబంధన కింద ఈఏడీ అనే పని అనుమతి కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కార్డు చేతికొచ్చిన రోజు నుంచే ఉద్యోగం. అక్కడ కార్డే హక్కు.

యూరప్ చట్టం దీన్ని తలకిందులు చేసింది. హక్కు పెళ్లి వల్ల, కలిసి వచ్చి ఉండటం వల్ల ముందే పుడుతుంది. ఆ హక్కు ఉందని చూపించే కాగితమే రెసిడెన్స్ కార్డు. 25వ ఆర్టికల్ ఈ మాట సూటిగానే చెబుతుంది: కార్డు గానీ, దరఖాస్తు పెట్టినట్టు ఇచ్చే రసీదు గానీ ఉంటేనే హక్కు వాడుకోవాలని ఏ పరిస్థితిలోనూ షరతు పెట్టకూడదు. దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చిన రోజు నుంచి కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలి, పెట్టగానే రసీదు చేతికివ్వాలి, ఆరు నెలల లోపు కార్డు ఇవ్వాలి. కార్డు అయిదేళ్లు చెల్లుతుంది. దరఖాస్తుకు అడగదగిన కాగితాలు కూడా లెక్కపెట్టినట్టు రాసి ఉన్నాయి. భార్య పాస్‌పోర్టు, పెళ్లి రుజువు, భర్త ఆ దేశంలో ఉంటున్నాడన్న రుజువు. భార్య బ్యాంకు బ్యాలెన్స్ ఆ జాబితాలో లేదు.

ఇదంతా చట్టంలో మాట. కంపెనీలో హెచ్ఆర్ టేబుల్ దగ్గర కథ వేరు. పని అనుమతి లేనివాళ్లను పెట్టుకుంటే జరిమానా పడుతుందన్న భయం వాళ్లది. ‘25వ ఆర్టికల్ చూడండి’ అంటే వినేవాళ్లు తక్కువ, ‘కార్డు తీసుకురండి’ అనేవాళ్లే ఎక్కువ. ఐర్లండ్‌లో దరఖాస్తు పరిశీలనలో ఉండగా తాత్కాలికంగా ‘స్టాంప్ 4’ అనే అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది, అది చూపిస్తే పనిచేసుకోవచ్చు. అలాంటిది లేనిచోట ఆ కొన్ని నెలలూ టెన్షనే. ఆఫీసు అధికారే యూనియన్ చట్టానికి విరుద్ధంగా నడిస్తే ‘సాల్విట్’ అనే సేవకు రాయొచ్చు. 2002 నుంచి సభ్యదేశాల్లో ఉచితంగా నడుస్తోంది, ఏ దేశం ఆఫీసుతో చిక్కొచ్చిందో ఆ దేశంలోని కేంద్రం మాట్లాడుతుంది. కానీ అది ప్రభుత్వ కార్యాలయాల తప్పులకే, ప్రైవేటు కంపెనీ హెచ్ఆర్‌తో పేచీకి పనికిరాదు.

భర్త వైపు షరతులు లేవని కాదు. మొదటి మూడు నెలలు పౌరుడికి పాస్‌పోర్టు ఉంటే చాలు. ఆ తర్వాత అతను ఉద్యోగమో వ్యాపారమో చేస్తూ ఉండాలి, లేదా చదువుకుంటూ ఉండాలి, లేదా ప్రభుత్వం మీద పడకుండా బతికేంత డబ్బు, ఆరోగ్య బీమా ఉండాలి. ఉద్యోగం అంటే పెద్దదే కానక్కర్లేదు. దీనికీ ఒక పాత కేసుంది. దక్షిణాఫ్రికా దేశస్థుణ్ని పెళ్లాడిన లెవిన్ అనే బ్రిటిష్ మహిళ నెదర్లాండ్స్‌లో పార్ట్‌టైంగా గదులు శుభ్రం చేసేది. అంత తక్కువ జీతానికి కార్మికురాలు అనిపించుకుంటుందా అని అక్కడి ప్రభుత్వం అడిగింది. పని నామమాత్రంది కాకుండా నిజమైనదైతే పార్ట్‌టైం అయినా చాలు, ఆమె ఏ ఉద్దేశంతో ఆ పనిలో చేరిందన్నది అనవసరం అని 1982లో కోర్టు చెప్పింది. ఇక డబ్బు లెక్కలో భార్య సంపాదన కూడా కలుస్తుందని 2015 నాటి మరో తీర్పు ఖాయం చేసింది.

వీసా దగ్గర భారతీయ జంటల్ని ఎక్కువగా ఆపేది చట్టం కాదు, కాగితాలు. గుడిలోనో ఫంక్షన్ హాల్లోనో వెయ్యి మంది ముందు జరిగిన పెళ్లి అయినా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న సర్టిఫికెట్ లేకపోతే కాన్సులేట్‌కి ఆల్బమ్ పనికిరాదు. సర్టిఫికెట్‌కి విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ, వేయించాలి. దీనికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం భారతదేశానికి 2005 జూలై నుంచి వర్తిస్తోంది. కానీ భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం పెట్టింది కాబట్టి అక్కడ మన అపోస్టిల్ ఒక్కటే సరిపోదు, ఆ దేశపు కాన్సులేట్ విడిగా విచారణ చేయించే పద్ధతి ఉంది. ఆ విచారణకు నెలలు పడుతుంది. పెళ్లి పనుల్లో మునిగిన ఇంట్లో ఈ సంగతి ముందే ఎవరికీ తట్టదు.

ఆ తర్వాత ఇంటిపేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో అది చివరికి వెళుతుంది, లేదా ఆ గడి ఖాళీగా ఉంటుంది. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో అత్తింటి పేరు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు కనిపిస్తారు అవతలి గుమస్తాకి. అత్తింటి పేరుకి మారుతారా లేదా అన్నది వాళ్లిష్టం. మారితే అన్నిట్లో మారాలి, మారకపోతే దేనిలోనూ మారకూడదు. యూరప్‌లో పుట్టింటి పేరుతోనే ఉండిపోయే భార్యలు కోకొల్లలు కాబట్టి పేర్లు వేరైనా అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

పని హక్కు వచ్చినంత మాత్రాన ప్రతి వృత్తీ చేతికి రాదు. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసిన అమ్మాయి జర్మనీలో ఆసుపత్రిలో నర్సుగా చేరాలంటే డిగ్రీ గుర్తింపు తెచ్చుకోవాలి, భాష రావాలి. యూరప్ పౌరుడి భార్య అయినంత మాత్రాన ఆ మెట్టు పోదు. పోయేది జాతీయత అడ్డు మాత్రమే. సైప్రస్‌కు చెందిన, టర్కిష్ మూలాలున్న గ్యూల్ అనే డాక్టర్ భార్య బ్రిటిష్ పౌరురాలు, జర్మనీలో ఉద్యోగం చేసేది. డాక్టరుగా పనిచేసే అనుమతి అతనికి నిరాకరిస్తే కేసు యూరోపియన్ కోర్టుకెళ్లింది. అర్హతలున్నాక, యూరప్ పౌరుడు కాడన్న కారణంతో ఆపడానికి వీల్లేదని 1986లో తీర్పొచ్చింది. మన డాక్టర్లకు, ఫార్మసిస్టులకు ఈ తీర్పు గుర్తుంచుకోదగ్గది.

యూరప్ పౌరసత్వం అనగానే వలస వెళ్లినవాళ్లే గుర్తొస్తారు గానీ, గోదావరి ఒడ్డునే ఇంకో దారి ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది, చట్టబద్ధమైన బదిలీ 1962లో జరిగింది. ఆ ఒప్పందం కింద ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే అవకాశం ఇచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్‌లలో చాలామంది, యానాంలో కొద్ది కుటుంబాలు అలా ఫ్రెంచి పౌరులుగా మిగిలాయి. అలాంటి ఇంటి అబ్బాయిని కాకినాడ అమ్మాయి చేసుకుని పారిస్‌లో కాపురం పెడితే ఫ్రాన్స్ సొంత చట్టం. అదే జంట బ్రస్సెల్స్‌లోనో బెర్లిన్‌లోనో కాపురం పెడితే 2004 డైరెక్టివ్. ఇంటి దగ్గర నుంచి చూస్తే పెద్ద తేడా కనపడదు, చట్టంలో మాత్రం రెండూ వేరే లోకాలు.

పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందన్నది ముఖ్యం కాదని 2008లో ఐర్లండ్ నుంచి వచ్చిన మెటాక్ కేసులో కోర్టు చెప్పింది. అంతకుముందు ఐర్లండ్, భార్య లేదా భర్త వేరే సభ్యదేశంలో చట్టబద్ధంగా ఉండి వస్తేనే ఒప్పుకునేది. స్వలింగ జంట పెళ్లి చేసుకుని ఉంటే, నివాస హక్కు విషయంలో వాళ్లూ భార్యాభర్తలేనని 2018లో రొమేనియా కేసులో తేలింది. నిశ్చితార్థం మాత్రం దేనికీ పనికిరాదు. కాగితం కోసం చేసుకునే ఉత్తుత్తి పెళ్లిళ్లకు ఈ హక్కు లేదని 35వ ఆర్టికల్ చెబుతుంది. ఐర్లండ్ పోలీసులు 2015లో ఇలాంటి పెళ్లిళ్ల మీద ‘ఆపరేషన్ వాంటేజ్’ పేరుతో ప్రత్యేకంగా దర్యాప్తు మొదలుపెట్టారు. దాని ప్రభావం నిజమైన జంటల మీదా పడింది, విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడం మామూలైంది.

ఇంకొక పరిమితి. ఒక దేశంలో ఇచ్చిన కార్డుతో ఇంకో దేశంలో పనిచేయడం కుదరదు. డబ్లిన్ కార్డుతో భార్య ఒక్కతే పారిస్ వెళ్లి ఉద్యోగంలో చేరలేదు. భర్త కూడా అక్కడికి మకాం మార్చితేనే అక్కడ హక్కు మొదలవుతుంది.

ఎవరూ ముందుగా అడగని ప్రశ్న, కాపురం చెడితే ఏమవుతుంది? విడాకులైనా హక్కు నిలవాలంటే, విడాకుల కేసు వేసేనాటికి పెళ్లై కనీసం మూడేళ్లు, అందులో ఆ దేశంలో కనీసం ఏడాది గడిచి ఉండాలి. పెళ్లిలో హింసకు గురైనవాళ్ల లాంటి వారికి మినహాయింపులున్నాయి. ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది, అది బయటపడింది మరో సింగ్ కేసులో. కుల్దీప్ సింగ్ 2005లో ఐర్లండ్‌లో లాత్వియా అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 2010లో ఆమె ఐర్లండ్ వదిలి వెళ్లిపోయింది, విడాకులు ఆ తర్వాత. మూడేళ్ల లెక్క దాటింది, ఏడాది లెక్కా దాటింది. అయినా 2015 జూలైలో కోర్టు అతనికి వ్యతిరేకంగానే చెప్పింది. విడాకుల కేసు మొదలయ్యేనాటికి యూరప్ పౌరురాలు ఆ దేశంలోనే ఉండి ఉండాలట. ఆమె విమానం ఎక్కిన రోజే అతని హక్కు ఆధారం పోయింది, తర్వాత వేసిన కేసు దాన్ని తిరిగి తేలేదు.

అయిదేళ్లు ఆగకుండా ఆ దేశంలో చట్టబద్ధంగా కలిసి ఉంటే శాశ్వత నివాస హక్కు వస్తుంది, అప్పట్నుంచి భర్త ఉన్నా వెళ్లినా ఒకటే. ఆ అయిదేళ్లకు రుజువు అడిగినప్పుడు భార్య తన జీతం స్లిప్పులు మాత్రమే తీసుకెళితే చాలదు, భర్త అక్కడ పనిచేశాడని చూపించే కాగితాలూ కావాలి. అవి మామూలుగా భర్త లాప్‌టాప్‌లోనే ఉంటాయి. ప్రతి ఏడాదివీ ఒక కాపీ తన దగ్గర పెట్టుకోవడం మేలు.